గింజ వేసినవాడి మాట

పాలవాగు గూడెం,
బూర్గంపాడు మండలం,
2008 మార్చి 9.

తమ్ముడు వీరబాబుకు అక్క ముత్తక్క దీవెనలు.

నువ్వు ఉత్తరం రాసి ఎన్నాళ్ళయిందో నీకే ఎరుక. పెనుబల్లి పిల్లల తప్పులు దిద్దీ దిద్దీ మాకు రాసేసరికి పంతులుగారి చెయ్యి నొప్పి పుడుతుందేమో. మీ బావ పగిడయ్య బాగానే ఉన్నాడు. ఇప్పపువ్వు రాలుతున్నది. మొన్న చీకటితో ఏరడానికి పోయి, చెట్టు కింద ఎలుగును చూసి గంప అక్కడే పడేసి వచ్చాడు. గంపేదని అడిగితే, "దానికే ఇచ్చిన, పాపం చేతులతోటి ఎంతని ఏరుకుంటది" అన్నాడు. ఈ సంగతి మరదలు శ్యామలకు చెప్పు, నవ్వుకుంటుంది.

ఇక అసలు విషయం. సర్కారు పోడు భూములకు పట్టాలిస్తున్నది. గూడేనికొక కమిటీ పెట్టారు. మన కమిటీకి భీమక్క పెద్ద. మే నెలలో సభ పెడితే అడవి ఆఫీసువాళ్ళూ తాసిల్దారు మనుషులూ వస్తారట. రెండువేల అయిదు డిసెంబరుకు ముందునుంచి సాగులో ఉన్న భూమికే పట్టా. మిగతా అందరివీ పాత పోళ్ళు, వాళ్ళకు భయం లేదు. మేము గుట్ట కింద అడవి కొట్టి పోడు చేసింది ఆ డిసెంబరు పోయాక వచ్చిన ఎండాకాలంలో. ఒక్క ఎండాకాలం తేడాతో మాది పోయేట్టున్నది.

భీమక్క అన్నది: "అంతకుముందే కొట్టిండ్రని సాక్షి నిలబడి చెప్తే రాసుకుంటరు. మీ సాక్షి రావాలె."

మన గూడెం కట్టు నీకు తెలియనిది కాదు. కొత్త పోడులో మొదటి గింజ ఇంటి ఆడదాని పుట్టింటివాడి చేత్తోనే పడాలి. గింజ వేసినవాడే ఆ చేనుకు సాక్షి. వాడు బతికుండగా ఆ చేను గురించి ఇంకొకడు నోరు తెరవకూడదు. మా చేనుకు గింజ వేసింది నువ్వు. మేము భూమి తల్లికి కోడిని కోస్తుంటే, నువ్వు పక్కన కళ్ళు మూసుకుని నీ యేసు ప్రభువును తలుచుకుంటూ జొన్నలు చల్లావు. ఇద్దరు దేవుళ్ళకు మొక్కిన చేను కాబట్టే పందులు తొక్కినా పండిందని మీ బావ ఇప్పటికీ అంటాడు.

వచ్చి ఆ ఒక్క మాట చెప్పిపో. సర్కారు పంతులు చెబితే కాదనే ఆఫీసరు ఉండడు. ఆ చేను పోతే మాకు వేరే దిక్కు లేదని నీకు కొత్తగా చెప్పాలా.

నీ రాక కోసం చూస్తూ,
ముత్తక్క


పెనుబల్లి,
2008 మార్చి 24.

అక్కకు, బావకు నమస్కారాలు.

ఎలుగు సంగతి విని శ్యామల చాలాసేపు నవ్వింది. ఆ గంపను ఎలుగు తిరిగి ఇచ్చిందా లేదా అని అడగమంది. ఇక్కడ ఎండలు ముదిరాయి. బడిలో పరీక్షలు దగ్గరపడ్డాయి. మా అయిదో తరగతిలో ఒక పిల్ల ఎక్కాలు పాటలాగా పాడితే తప్ప చెప్పలేదు. పరీక్షలో పాడతానంటే ఏం చెయ్యాలో తోచక పాడమన్నాను.

చూశావా, అసలు విషయానికి రాకుండా ఎక్కాల చుట్టూ తిరుగుతున్నాను. నీ ఉత్తరం వచ్చినప్పటినుంచి నా చొక్కా జేబులోనే ఉంది.

అక్కా, ఆ మాట నేను చెప్పలేను. నేను గింజ వేసింది రెండువేల ఆరు జూన్‌లో, బడి తెరవడానికి ముందు పడ్డ వానకు. అది నాకు తెలుసు, దేవుడికి తెలుసు. తెలిసి తెలిసి పదిమందిలో నిలబడి వేరేగా చెప్పడానికి నా మనస్సాక్షి ఒప్పుకోవడం లేదు. నీకు ఇంత చిన్న సాయం చెయ్యలేకపోవడం నాకు ఎంత కష్టంగా ఉందో రాయడం చేతకావడం లేదు.

ఒక ఆలోచన చేశాను. వాగు పక్కన నాన్న దున్నిన చేను నా పేరు మీద ఉంది కదా. అది నువ్వు తీసుకో. సెలవుల్లో వచ్చి కాగితాలు రాసిస్తాను. శ్యామల కూడా సరేనంది. గుట్ట కింది పోడు పోయినా మీకు కాలు పెట్టుకునే చోటు ఉంటుంది.

మీ ఇద్దరి కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాను.

నీ తమ్ముడు,
వీరబాబు


పాలవాగు గూడెం,
2008 ఏప్రిల్ 6.

వీరబాబూ,

దీవెనలు చివర్లో పెడతాను, మిగిలితే. హాస్టల్లో సిస్టరమ్మ కాగితం మీద పుస్తకాల తెలుగే రాయాలని చెవి మెలేసి నేర్పింది కాబట్టి ఇట్లా రాస్తున్నాను. లేకపోతే నీకు వేరే భాష వినపడేది.

నేను నిన్ను భూమి అడిగానా? మాట అడిగాను. మాట ఇవ్వను, భూమి తీసుకో అంటే ఏంది దాని అర్థం? అక్కతో తెగతెంపులు చేసుకోవడానికి వెల కడుతున్నావా? అమ్మ పోయినప్పుడు నీకు నడక కూడా సరిగా రాదు. నిన్ను చంకన వేసుకునే నేను కలుపు తీశాను. అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా అని ఊరికే అనలేదు పెద్దలు.

ఇది ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. మీ ప్రార్థన మందిరం అయ్యగారు చెప్పి ఉంటాడు. కోడి నెత్తురు పడ్డ చేను, దాని తరఫున నిలబడితే పాపం అని. ఆ రోజు మాతో కలిసి గింజ వేసినందుకు నీకిప్పుడు పశ్చాత్తాపం వచ్చింది. చేను పోతే ఆ పాపం కూడా పోతుందనుకుంటున్నావు. నువ్వు బాప్తిస్మం తీసుకున్నప్పుడు గూడెంలో అందరూ మూతులు తిప్పుకుంటే, "వాని దేవుడు వానికి, మన తమ్ముడు మనకు" అన్నది నేను. ఆ మాటకు నువ్విచ్చిన విలువ ఇదా.

మనస్సాక్షి అని రాశావు. వాగు అవతలి మా పాత చేనులో అడవి ఆఫీసువాళ్ళు కందకం తవ్వి జామాయిల్ మొక్కలు నాటినప్పుడు ఎవరి మనస్సాక్షీ లేవలేదు. కంది పూత మీదున్న చేను. ఆ చేను ఉంటే గుట్ట కింద గొడ్డలి పట్టే పనేముంది మాకు? అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. అట్లాంటివాళ్ళ ముందు నీకు నిజాలు గుర్తుకొస్తున్నాయి.

మీ బావ, "వానికి ఏం కష్టమో" అని అటు తిరిగి పడుకున్నాడు. అదే నాకు ఎక్కువ మండింది. భీమక్క మాత్రం, "ఒక్కని సాక్ష్యం చెడితే అందరి పోళ్ళ మీద అనుమానం పడ్తది, మీ తమ్ముణ్ణి రావద్దను" అన్నది. నేనూ అదే అంటున్నాను. నువ్వు రాకపోతే కట్టు తప్పయినా ఏదో ఒకటి చెప్పుకుంటాం. వచ్చావంటే మాట ఇచ్చినట్టే, మన కట్టు అది. ఇవ్వలేనివాడివి రాకు.

దీవెనలు మిగిలాయి. శ్యామలకు ఇవ్వు.

ముత్తక్క


పెనుబల్లి,
2008 ఏప్రిల్ 19.

అక్కకు,

నీ తిట్లు రెండుసార్లు చదివాను. శ్యామల మూడోసారి పైకి చదివి, "అక్క రాసినదాంట్ల ఒక్కటన్న తప్పున్నదా?" అని అడిగింది. ఇంట్లో నా పరిస్థితి నీకు అర్థమై ఉంటుంది.

ఒక్కటి మాత్రం తప్పు అక్కా. అయ్యగారు నన్ను ఆపలేదు. ఆయన చెప్పమన్నాడు. "పొరుగువాడికి కీడు చేసే అబద్ధ సాక్ష్యం గదా తప్పు. నువ్వు పేదవాళ్ళకు మేలు చేస్తున్నవు. ధైర్యంగ పో" అన్నాడు. మంచి మనిషి, నా మీద ప్రేమతోనే అన్నాడు. శ్యామల చెప్పమంది. మా హెడ్మాస్టరు చెప్పమన్నాడు. వద్దన్నవాడు ఒక్కడూ లేడు.

అందరూ సరేనన్నారు కదా అని నేను ఆ మాట పలకడం అలవాటు చేసుకున్నాను. బడికి సైకిల్ మీద పోతూ పైకే అనుకునేవాణ్ణి. ఎన్నిసార్లు అన్నా అది నా నోటి మాటలా అనిపించలేదు. ప్రార్థనలో కూర్చుని, "ప్రభువా, మా అక్క కోసం" అని అడిగాను. జవాబు రాలేదు. నేను ఏ చిన్న పని గురించి అడిగినా లోపల ఏదో ఒక కదలిక ఉంటుంది. దీనికి ఆయన ఊరుకున్నాడు. ఆయన ఊరుకుంటే నేను మాట్లాడలేను అక్కా. దీన్ని మించి వివరం నా దగ్గర లేదు.

గింజ వేసినందుకు పశ్చాత్తాపం అన్నావు. నీ చేతి జొన్నరొట్టె మీద ఒట్టు వేస్తాను, ఒట్లు వెయ్యకూడదన్నా సరే. ఆ రోజు నేను నీ చేను పండాలని ప్రార్థన చేశాను. పండినందుకు స్తోత్రం కూడా చెప్పాను.

భూమి ఇస్తాననడం నిన్ను అంతగా గుచ్చుతుందని నాకు తోచలేదు. నిజం చెప్పకుండా తప్పించుకునే దారుల్లో అది కూడా ఒకటేమో అని ఇప్పుడు అనిపిస్తున్నది. సభ రోజున జ్వరమని సెలవు పెట్టి ఇంట్లో ఉండిపోదామని కూడా అనుకున్నాను. నా చేతులకు మట్టి అంటకుండా చూసుకుని, దానికి మనస్సాక్షి అని పేరు పెట్టుకున్నానేమో.

నీ ఉత్తరంలో వాగు అవతలి చేను సంగతి చదివాక నిద్ర పట్టలేదు. అది కూడా నిజమే కదా. ఆ చేను మీరు ఎన్నో ఏళ్ళు దున్నారు, వాళ్ళు గుంజుకున్నారు, బతుకుదెరువు లేక గుట్ట కింద పోడు కొట్టుకున్నారు. అంతా ఉన్నది ఉన్నట్టు సభలో చెబుతాను. అన్యాయంగా వెళ్ళగొట్టినవాళ్ళ గురించి కూడా చట్టంలో ఏదో ఉందని సత్తుపల్లి వకీలు ఒకాయన అన్నాడు. దానివల్ల మేలే జరుగుతుందని నేను మాట ఇవ్వలేను. కానీ గుట్ట కింద నేను గింజ వేసిన ఏడాది అడిగితే ఉన్న ఏడాదే చెబుతాను.

నువ్వు సరేనంటేనే వస్తాను. వద్దంటే రాను. జవాబు రాయి.

నీ తమ్ముడు


పాలవాగు గూడెం,
2008 మే 6.

నా బంగారు తమ్ముడికి,

జానీ మియా నిన్న చీరల మూట వేసుకుని వచ్చాడు. సత్తుపల్లి బస్టాండులో నువ్వు కలిశావట కదా. "మీ తమ్ముడు మీ జవాబు కోసం చూస్తుండు. అది రాకున్నా సభకు మాత్రం వస్తడట, మీకు చెప్పమన్నడు" అని ఆయన అంటుంటే, నేను బేరమాడుతున్న చీర కింద పడేశాను. ఏం జవాబు, ఎక్కడి జవాబు. నీ దగ్గరినుంచి నాకు ఉత్తరమే రాలేదు. అయినా ఇప్పుడు ఉత్తరాలతో పనేముంది, వస్తున్నావు కదా.

వస్తే మాట ఇచ్చినట్టేనని నేను రాశాను. నువ్వు వస్తున్నావు. ఆ ఒక్క కబురుతో నా కడుపు చల్లబడింది. అప్పుడు రాసిన తిట్లన్నీ వాగులో కలిపెయ్యి.

భీమక్క ఇంటికి పోయి చెప్పివచ్చాను. "నేననలేదా, వాడు పుస్తకాలు చదివినా మనోడే" అన్నది. మీ బావ కోడిపుంజును కట్టేశాడు. భయపడకు, దేనికీ మొక్కింది కాదు, ఊరికే కూర. సభ కాగానే మనింట్లో తిని, రాత్రికి ఉండి పొమ్మంటున్నాడు. శ్యామలను కూడా తీసుకురా. మామిడికాయ పచ్చడి జాడీ పక్కన పెట్టాను.

ఉత్తరం అందేలోపే నువ్వు వస్తావేమో. అయినా రాయకుండా ఉండలేకపోయాను.

నీ అక్క


పెనుబల్లి,
2008 మే 15.

అక్కా,

నీ సంతోషమంతా రాసిన ఉత్తరం నేను సభనుంచి తిరిగి వచ్చాక అందింది. శ్యామల దాన్ని నాకు ఇవ్వకుండా చాలాసేపు పట్టుకుని కూర్చుంది.

నా ఉత్తరం నీకు అందలేదని సభలోనే తెలిసింది, అదీ నేను లేచి నిలబడ్డాక. నన్ను చూసి నువ్వు నవ్వావు. నీ పక్కనున్న ఆడవాళ్ళకు నన్ను చూపించావు. నువ్వు జవాబు రాయకపోవడాన్ని నేను సరేనన్నట్టు తీసుకున్నాను. నేను రావడాన్ని నువ్వు మాట ఇచ్చినట్టు తీసుకున్నావు. ఆ నవ్వు చూశాకే ఏదో పొరపాటు జరిగిందని నాకు అర్థమైంది. అప్పటికే ఆఫీసరు, "చెప్పండి మాస్టారూ, ఏ సంవత్సరం?" అని అడిగేశాడు.

అప్పుడైనా కూర్చోవచ్చు. గుర్తు లేదనవచ్చు. నేను కూర్చోలేదు. వాగు అవతలి చేను గురించి చెప్పాను, కందకం గురించి, పూత మీదున్న కంది గురించి చెప్పాను. ఆయన రాసుకోలేదు. "గుట్ట కిందిది ఎప్పుడు?" అని మళ్ళీ అడిగాడు. చెప్పాను. అది మాత్రం వెంటనే రాసుకున్నాడు.

నువ్వు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి వెళ్ళిపోయావు. బావ నా దగ్గరికి వచ్చి, "బస్సు దొరుకుతదా?" అని మాత్రం అడిగాడు. భీమక్క, "ఈ గూడెంల నీకు ఇంక గింజ లేదు, నీరు లేదు" అంది. మీ ఇంటి ముందునుంచే నడిచి రోడ్డు మీదికి వచ్చాను. తలుపు వేసి ఉంది.

మనస్సాక్షి ప్రకారం నడిస్తే నెమ్మది దొరుకుతుందని మా ప్రార్థన మందిరంలో ఎన్నోసార్లు విన్నాను, పిల్లలకు నేనూ చెప్పాను. నాకు దొరకలేదు అక్కా. రాత్రిళ్ళు నీ నవ్వు కనిపిస్తున్నది, ఆ తరువాత కొంగు కనిపిస్తున్నది. మళ్ళీ అడిగినా అదే చెబుతాను. అదే చెబుతానని తెలిసే ఏడుపు వస్తున్నది.

చెప్పినదానికి క్షమించమని అడగను, అడిగితే అది కూడా అబద్ధమవుతుంది. నిన్ను అందరి ముందు నవ్వించి ఏడిపించినందుకు క్షమించు. నా జవాబు నీకు అందిందో లేదో కనుక్కోకుండా వచ్చినందుకు క్షమించు.

నీ ఇష్టమైనప్పుడే రాయి. రాయకపోయినా నేను నీ తమ్ముణ్ణే.

వీరబాబు


పాలవాగు గూడెం,
2008 జూలై 3.

వీరబాబుకు,

చాలా రోజులు రాయలేదు. రాయకూడదనే అనుకున్నాను.

నీ ఏప్రిల్ ఉత్తరం సభ అయిపోయాక వచ్చింది. గూడెం ఉత్తరాలు పడేసిపోయే రేషన్ డిపోలో బియ్యం బస్తాల వెనక పడి ఉన్నదట. నన్ను అడిగావు కదా, సరేనంటేనే వస్తానని. ఆ మాట దగ్గర ఆగిపోయి చాలాసేపు ఏడ్చాను. అంది ఉంటే వద్దనే రాసేదాన్ని. అందుకే ఇంకా ఏడ్చాను.

పోయిన నెలలో సర్వేవాళ్ళు వచ్చారు. వాళ్ళు రాకముందు భీమక్క మా ఇంటికి వచ్చి కూర్చున్నది. "ముత్తా, ఇంకా దారి ఉన్నది. మా తమ్మునికి మతి సరిగ లేదు, ఏ ఏడు ఏం జరిగిందో వానికే తెల్వదు, దానికి మందులు కూడా వాడుతుండు అని చెప్పు. నీ చేను నీకుంటది. వాడు పెనుబల్లిల ఉంటడు, వానికేం పోతది" అన్నది.

నేను సరేనన్నాను. దాచను, నిజంగానే సరేనన్నాను. జొన్నలు దంచుతూ ఆ మాటే అనుకున్నాను. నీ మీద ఎంత కోపంగా ఉన్నానంటే, అది అబద్ధమని కూడా నాకు అనిపించలేదు.

సర్వే ఆయన గుట్ట కింద నిలబడి, "అమ్మా, సభల మీ తమ్ముడు చెప్పింది నిజమేనా?" అని అడిగాడు. భీమక్క నా వైపు చూస్తున్నది. మీ బావ నేల చూస్తున్నాడు. నోరు తెరిచాను. మతి సరిగా లేదు అన్న మాట నాలుక మీదికి వచ్చింది. అక్కడే ఆగిపోయింది, తమ్ముడూ. ఎంత తోసినా బయటికి రాలేదు. చిన్నప్పుడు ఊళ్ళో ఎవరో నిన్ను పిచ్చివాడని వెక్కిరిస్తే రాళ్ళు పుచ్చుకుని తరిమినదాన్ని. నా నోటితో నేనే ఎట్లా అనేది?

"నిజమే సారూ. మా తమ్ముడు అబద్ధమాడడు" అన్నాను.

భీమక్క తల కొట్టుకున్నది. సర్వే ఆయన కాగితం తిప్పి, "సభల ఆయన ఇంకో చేను గురించి కూడా చెప్పిండట గదా, అదెక్కడ?" అన్నాడు. వాగు దాటించి తీసుకుపోయాను. జామాయిల్ చెట్ల మధ్య మా పాత గట్టు రాళ్ళు ఇంకా వరసగానే ఉన్నాయి. బండ మీద నేను జొన్నలు దంచిన గుంట ఉంది. ఆయన అన్నీ కొలిచి రాసుకున్నాడు. "పైకి పంపుత. వస్తదో రాదో నేను చెప్పలేను" అన్నాడు. మంచివాడిలాగే ఉన్నాడు. గుట్ట కింది పోడు మీద మాత్రం గీత కొట్టేశాడు. గూడెంలో మిగతావాళ్ళకు ఏమీ కాలేదు, వాళ్ళవి పాతవే కదా.

ఈ ఏడు విత్తనం లేదు మాకు. మీ బావా నేనూ నాట్లకు కూలికి పోతున్నాం. ఆయన నడుము పట్టేసింది, మధ్యాహ్నానికే గట్టు మీద కూర్చుంటున్నాడు. నాన్న చేను సంగతి నిన్న ఆయనే ఎత్తాడు. నేనింకా ఏమీ అనలేదు.

ఇదంతా చదివి, అక్క కూడా నా దారికి వచ్చిందని మీ మందిరంలో సాక్ష్యం చెప్పేవు, జాగ్రత్త. నేను నిజం కోసం నిజం చెప్పలేదు. పోడు గురించి అబద్ధమాడమంటే ఇప్పుడైనా ఆడతాను, అది నాకు పాపమనిపించదు. నీ మీద ఆడమంటే మాత్రం నా వల్ల కాలేదు. నీకు లోపల ఎవరో ఊరుకున్నారని రాశావే, నాకు అట్లా ఏమీ లేదు. నా లోపల నువ్వే అడ్డం కూర్చున్నావు.

కోపం పోయిందనుకోకు. అట్లాగే ఉంది. కాగితం మీద పట్టేంత కాదు అది, కాబట్టి ఇక రాయడం నా వల్ల కాదు. వచ్చి ఎదురుగా కూర్చుని తిట్టించుకుని పో. భీమక్క కూడా నిన్ను తిట్టాలని కాచుకుని ఉన్నది. వాణ్ణి రావద్దన్నావు కదా అని నేనంటే, "తిట్టాలంటె రావాలె గదా" అన్నది. ముందు అన్నం పెడతాను. తిన్నాకే మొదలుపెడతాం.

నీ అక్క,
ముత్తక్క